జర్మన్ పాఠమూ కొయ్యగంటలూ

మా ఇంట్లో ఇప్పుడు ముడి వేసి ఉన్న వస్తువు ఒక్కటి కూడా కనిపించదు. బియ్యం బస్తా మూతి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బట్టలు ఆరేసే తాడు ఎంత బిగించి కట్టినా సాయంత్రానికి నేల మీద పడి ఉంటుంది. పూలమ్మే ఆవిడ ఆకులో చుట్టి దారం కట్టి ఇచ్చిన పొట్లం నేను చేతిలోకి తీసుకునేలోపే విడిపోయి ఉంటుంది. ఇదంతా చేసేది దొంగా కాదు, దయ్యమూ కాదు, మా ఆయన. దయ్యమైతే గుమ్మానికి ఓ నిమ్మకాయ కట్టి ఊరుకునేదాన్ని. ఈయన దాన్నీ విప్పేస్తాడు.

ఇంట్లో వస్తువులతో ఆగితే నేనూ సర్దుకుపోయేదాన్ని. ఒకరోజు పొద్దున పాలు పోసే ఆవిడ ఖాళీ క్యాను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పాల్వంచలో మా కాలనీ వెనక గేదెలు పెట్టుకుని బతుకుతుంది ఆవిడ. మనిషి మంచిదే గాని కోపం వస్తే ఆగదు.

“ఏంది మేడం, సారుకు పనేం లేదా? దూడను ఇడిసిపెట్టి పోయిండు. పాలన్నీ అదే తాగింది. గిట్లయితే నేను మీకేం పొయ్యాలె, నీళ్లా?”

లోపల పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న మనిషి తల ఎత్తలేదు. నేను ఆవిడకు ఏదో సర్దిచెప్పి పంపించాను. ఆయన్ను మాత్రం ఏమీ అనలేదు. ఆ దూడ మెడలో కొయ్యగంట ఉంది. పొద్దున అది సందులో పరుగెత్తినప్పుడు ఆ చప్పుడు నాకూ వినబడింది. గిన్నె కడుగుతున్నదాన్ని అట్లాగే ఆగిపోయాను.

ఆ గంటల సంగతి చెప్పాలంటే ముందు నా పాఠం సంగతి చెప్పాలి.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. యూరప్ చరిత్ర మా పిల్లలకు చేదుమందు. “మేడం, గా జర్మనీతోని మనకేం పని?” అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. పరీక్షలో వస్తుంది, నోరు మూసుకుని రాసుకో అంటాను. అది అబద్ధం. జర్మన్ సైన్యంలో ఆజ్ఞలు ఎట్లా నడిచేవన్నది పరీక్షలో రాదు. అది నన్ను పట్టుకుంది కాబట్టి చెబుతాను.

యుద్ధాలంటే ఇష్టమని కాదు. అడవి అంచు ఊళ్లో పుట్టినదాన్ని. దూరంగా తుపాకీ మోత వినబడితే తలుపులు బిడాయించుకుని, దీపం తగ్గించి కూర్చున్న ఇంట్లో పెరిగాను. నన్ను పట్టుకున్న సంగతి వేరు. పైన కూర్చున్న ఒక మనిషి నోటి నుంచి బయల్దేరిన మాట, చేతులు మారి మారి, చివర బురదలో నిలబడ్డ మనిషి దగ్గరికి ఏ రూపంలో చేరుతుంది? మధ్యలో ఆలోచించాల్సింది ఎవరు? తప్పు జరిగితే అది ఎవరిది? ఈ ప్రశ్నలతో తరాల తరబడి కుస్తీ పట్టినవాళ్లు జర్మన్లు. అంత ఆలోచించినవాళ్లు చివరికి ఎక్కడ తేలారో లోకమంతా చూసింది. అందుకే ఆ పాఠం నన్ను వదలదు.

మా ఆయన ఇంజనీరు. ఊళ్ల మధ్య రోడ్లు, కల్వర్టులు చూసే ఉద్యోగం. వాళ్లది వైరా. రిజర్వాయరు కింద పొలాలు చూసి వాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారు. మాటలో ఆ యాస కొంచెం మిగిలింది. పనిలో చాదస్తం మాత్రం నిండుగా ఉండేది. మేకు ఎక్కడ కొట్టాలో చెబితే సరిపోదు, సుత్తి ఏ చేత్తో పట్టుకోవాలో కూడా ఆయనే చెప్పాలి. అడగకుండా ఎవరైనా ఏదైనా చేస్తే చెడామడా తిట్టేవాడు. దాంతో కిందివాళ్లంతా అడగడం నేర్చుకున్నారు. ముద్ద నోట్లో ఉండగానే ఫోన్ మోగేది. “సార్, టెంటు ఎటు దిక్కు వెయ్యాలె?” “సార్, కుర్చీలు తెప్పియ్యాల్నా?” మీ డ్రైవరు తుమ్మాలన్నా ముందు మీకు ఫోన్ చేయాలేమో అని నేను ఎగతాళి చేసేదాన్ని.

గోదావరి పొంగే రోజుల్లో ఒక్కో మండలానికి ఒక్కో అధికారిని ప్రత్యేకంగా వేస్తారు. భద్రాచలం వైపు ఒక మండలానికి కొన్నేళ్లుగా మా ఆయన్నే వేస్తున్నారు. అక్కడే ఒక ఊరికి పంచాయతీ సెక్రటరీగా ఒక అమ్మాయి వచ్చింది. తండా పిల్ల. వాళ్ల ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. ఏదో సంతకం కోసం ఒకసారి మా ఇంటికి వచ్చి, చాయ్ ఇస్తే నిలబడే తాగి వెళ్లింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది వరదల్లో ఆమె, ఎవరినీ అడగకుండా, బియ్యం బస్తాలు తడుస్తాయని పంచాయతీ ఆఫీసు నుంచి స్కూలు పై గదిలోకి మార్పించింది. చేసింది మంచి పనే. అయినా ఈయన పదిమంది ముందు ఆమెను నిలబెట్టి, “ఎవర్ని అడిగి మార్చావు?” అని గట్టిగా అరిచాడట. ఆ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెబితే నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత ఆమె ఆయన్ను అడగకుండా గడ్డిపరక కూడా కదిలించలేదు.

మొన్నటి వానలకు ముందు, ఎండలు మండుతున్న రోజుల్లో, ఇద్దరం వరండాలో చాయ్ తాగుతున్నాం. ఏదో పనికిమాలిన ఫోన్ పెట్టేసి ఆయన విసుక్కున్నాడు. ఇదే సందని నేను నా పాఠం అందుకున్నాను.

ప్రష్యా అని ఒక జర్మన్ రాజ్యం ఉండేది. ఫ్రెంచి చక్రవర్తి చేతిలో చిత్తుగా ఓడిపోయింది. వాళ్ల సైన్యం చెప్పింది చెప్పినట్టు చేసేది, చెప్పకపోతే నిలబడిపోయేది. ఓడాక కూర్చుని ఆలోచించారు. ప్రతి తరంలో ఒక గొప్ప సేనాధిపతి పుడతాడని నమ్ముకోకుండా, బుర్ర ఉన్నవాళ్లను ఏరి, చదివించి, ఒక బృందంగా తయారుచేశారు. దాన్ని జనరల్ స్టాఫ్ అన్నారు. ప్రతి పెద్ద సేనాధిపతి పక్కనా ఆ బృందపు మనిషి ఒకడు ఉంటాడు. నిర్ణయంలో అతనికీ బాధ్యత ఉంటుంది, ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని చెప్పి నమోదు చేయించుకునే హక్కూ ఉంటుంది. ఇక కింది అధికారికి ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఏం సాధించాలో చెబుతారు. ఎట్లా సాధించాలన్నది అతనికే వదిలేస్తారు. పొగ కమ్మితే పైవాడికి ఏమీ కనబడదు, అక్కడ నిలబడ్డవాడికే కనబడుతుంది.

చెబుతుంటే ఆయన చేతిలో చాయ్ చల్లారిపోయింది. “ఇదేదో బాగుందే” అన్నాడు.

“పూర్తిగా వినండి. ఊరికే వదిలెయ్యరు. ఆ పని ఎందుకో చెబుతారు. ఏళ్ల తరబడి బల్ల మీద పటాలు పరిచి ఉత్తుత్తి యుద్ధాలు ఆడిస్తారు. చేసిన తప్పుల గురించి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. పైవాడు ఏం కోరతాడో కిందివాడికి, కిందివాడు ఏం చేస్తాడో పైవాడికి తెలిసేదాకా. అప్పుడు గాని...”

“అర్థమైంది, అర్థమైంది. పని చెప్పాలి, పద్ధతి చెప్పకూడదు. అంతేగా?”

అంతే కాదు. కానీ ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి కూర్చోవడం అన్న మాట ఆయనకు రుచించలేదు. ఫోన్ మోగకుండా అన్నం తినొచ్చన్న ఒక్క సంగతే చెవికెక్కింది.

మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు. ఎవరు ఏం అడిగినా “నువ్వే చూసుకో, నీ మీద నాకు నమ్మకం ఉంది” అనడం మొదలుపెట్టాడు. కింద పనిచేసేవాళ్లు హడలిపోయారు. ఆయన ఆఫీసు నుంచి ఒకతను నాకే ఫోన్ చేసి, “మేడం, సారు పానం మంచిగనే ఉందా?” అని అడిగాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆయన చాదస్తం వదిలిందని సంబరపడ్డాను కూడా. ఎందుకు పడకూడదు?

తర్వాత వానలు మొదలయ్యాయి. గోదావరి లేచింది. ఈయన భద్రాచలంలో కంట్రోల్ రూమ్‌లోనే తిండీ నిద్రా. ఉతికిన బట్టలు, టిఫిన్ డబ్బా పట్టుకుని నేను బస్సెక్కి వెళ్లాను. మధ్యాహ్నం దాటింది. వాన ఆగి, ఆకాశం మసిగుడ్డ రంగులో ఉంది. ఆయన ఒక చేత్తో ముద్ద కలుపుతూ, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని ఒక్కో ఊరికీ ఒకే మాట చెబుతున్నాడు. సాయంత్రంలోపు ఊరు ఖాళీ అవ్వాలి, ఒక్క మనిషి కూడా మిగలకూడదు. ఎందుకంటే ఈసారి నీళ్లు ఎప్పటిలా రావని, వాగుల్లోకి ఎదురెక్కి ఊళ్లను వెనక నుంచి చుట్టేస్తాయని ఆయనకు అప్పటికే తెలుసు. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. పని చెప్పాడు.

నేను మజ్జిగ పోస్తుండగా ఇంకో ఫోన్ వచ్చింది. అవతలి మాట నాకు వినబడలేదు. ఈయన ఒక్క క్షణం విని, మధ్యలోనే ఆపేశాడు.

“ఆ సంగతి నువ్వే చూసుకో అమ్మా. ప్రతిదీ నన్నడగకు. నీ మీద నాకు నమ్మకం ఉంది.”

ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. పాఠం అప్పజెప్పిన పిల్లవాడు పంతులమ్మ వైపు చూసే చూపు అది. నేను నవ్వాను. ఇద్దరం కలిసి అంత హాయిగా నవ్వుకోవడం అదే ఆఖరు.

ఆ ఫోన్ చేసింది ఆ తండా అమ్మాయి. అడిగింది పశువుల గురించి.

ఆ ఊరు వాగు పక్కన ఉంటుంది. గోదావరి అక్కడికి కనబడదు. ఎప్పుడు పొంగినా కింది చేలల్లోకి నీళ్లొచ్చి, ఒకరోజు ఉండి పోతాయి. ట్రాక్టర్లు వచ్చి ఎక్కమంటే జనం ఎక్కారు. రేపు పొద్దున్నే తిరిగి వస్తామనుకున్నారు. పత్తి అప్పుడే మొలకెత్తి రెండాకులు వేసి ఉంది. ఆ సమయంలో పశువును వదిలేస్తే అది పక్కవాడి చేలో పడుతుంది. ఊళ్లో అంతకంటే పెద్ద తగాదా లేదు. అందుకని ప్రతి ఇంటివాళ్లూ పశువులను కొట్టంలో కట్టేసి, ముందు పచ్చిగడ్డి వేసి, గుంజకు ముడి ఇంకోసారి బిగించి మరీ వెళ్లారు. పక్కవాడి పంట పాడవకూడదన్న మంచి బుద్ధితోనే చేశారు. ఒకరి కొట్టంలో పశువు తాడు ఇంకొకరు ముట్టుకోవడం కూడా అక్కడ ఉండదు. విప్పితే తోలుకుపోతున్నట్టే లెక్క.

నీళ్లు వెనక నుంచి వచ్చాయి. జనాన్ని ఉంచిన స్కూలు వాగుకు ఇవతల మెరక మీద ఉంది. సాయంత్రానికి మధ్యలో దారి లేదు, నీళ్లే. అడవిలో మేతకు వెళ్లినప్పుడు జాడ తెలియాలని ఆ ఊరి పశువుల మెడల్లో కొయ్యగంటలు కడతారు. ఆ గంటలు నీళ్ల మీదుగా స్కూలు దాకా వినబడ్డాయట. మొదట ఒకటీ అరా, తర్వాత అన్నీ ఒకేసారి. మగవాళ్లు నీళ్లలోకి దిగబోతే మిగతావాళ్లు పట్టుకుని ఆపారు. ఎవరి గంట ఏదో ఎవరికి వాళ్లకు తెలుసు. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. చీకటి పడకముందే గంటలు ఆగిపోయాయి.

నీళ్లు తీశాక మా ఆయన ఆ ఊరు వెళ్లాడు. ఇంటికి వచ్చి ఒక్క మాటే చెప్పాడు. తాళ్లు నీళ్లకు ఉబ్బిపోయాయి, ముడులు రాలేదు, కొడవళ్లతో కోయాల్సి వచ్చింది అన్నాడు. ఒక ముసలమ్మ ఆవు దగ్గర తను కూర్చుని చేత్తో విప్పాలని చాలాసేపు చూశాడట. గోళ్లు విరిగాయి. నేను పసుపు రాశాను. మర్నాడు బియ్యం బస్తా మూతి విప్పి ఉంది. ఎలుకల పని అనుకున్నాను.

ఇక అప్పటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. గాలికి కిటికీ రెక్క కొట్టుకున్నా ఆయన లేచి నిలబడతాడు. నేను మాత్రం ఏం తక్కువ? క్లాసులో ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి వేరే సంగతి ఎత్తుకుంటాను. బోర్డు మీద సుద్దముక్క టకటకమంటుంటే చేయి ఆపి, వెనక్కి తిరిగి, పిల్లల ముఖాలు చూసి, ఇది సుద్దముక్కే అని నాకు నేను చెప్పుకోవాలి. నాకు భయంగా ఉంటుంది. పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని, అయినా భయంగానే ఉంటుంది.

విచారణ అన్నారు. పశువులు పోయిన బాధ్యత ఎవరిదో తేల్చడానికి జిల్లా నుంచి ఒక అధికారి వస్తున్నాడు. అందరి వేళ్లూ ఆ అమ్మాయి వైపే చూపిస్తున్నాయి. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. తప్పు ఆమెదని తేలితే తండాకు తిరిగి పోవడమే. మా ఆయన స్నేహితుడు, ఆఫీసులో పెద్దవాడే, ఇంటికి వచ్చి ధైర్యం చెప్పాడు.

“మీరెందుకు పరేషాన్ అయితున్నరు? మీరు మనుషుల గురించి చెప్పిండ్రు. ఒక్కరు గూడ పోలే. తతిమ్మాది ఆమె చూసుకోవాలె. మీరు నమ్మి అప్పజెప్పిండ్రు, ఆమె చెయ్యలే. గంతే.”

ఆయన వెళ్లాక మా ఆయన ముఖం చాలా రోజుల తర్వాత తేటపడింది. అది చూసి నాకు భయమేసింది.

“మరి ఆ ఫోన్?” అన్నాను.

“ఏ ఫోన్?”

కట్టుకున్న మనిషి ముఖంలో ముఖం పెట్టి ఏ ఫోన్ అని అడిగాడు. నేను మజ్జిగ పోస్తున్నాను అప్పుడు, ఆ ఫోన్ అన్నాను. ఆయన పేపరు అందుకున్నాడు. నాకు కోపం ఆగలేదు. వరండాలో ఆయన వినకుండా లేచిపోయిన మిగతా సగం పాఠం ఆ పూట చెప్పాను. కూర్చోబెట్టి చెప్పాను.

ఆ సైన్యం తర్వాత ఒక నియంత చేతిలో పడింది. దేశానికి కాదు, తనకే విధేయంగా ఉంటామని ప్రమాణం చేయించుకున్నాడు. ఒప్పుకోలేదని నమోదు చేయించుకునే ఆ పాత హక్కు పోయింది. పై స్థాయిలో రెండు ప్రధాన కార్యాలయాలు తయారై ఒకదానితో ఒకటి కీచులాడుకున్నాయి. ఎక్కడో దూరాన ఉన్న చిన్న దళం కదలాలన్నా నియంతనే అడగాలి. అడగకుండా ఆలోచించే అలవాటు అట్లా పోయింది. మిగిలింది ఒక్కటే, పైవాడు నోటితో అనకపోయినా వాడి మనసులో ఏముందో ఊహించి చేసిపెట్టడం. చెప్పరాని పనులు ఎన్నో అట్లా జరిగాయి. యుద్ధం ముగిశాక సేనాధిపతులు జ్ఞాపకాలు రాసుకున్నారు. నేను అట్లా చెప్పలేదు అని రాశారు. కిందివాళ్లను అడిగితే పైనుంచి చెప్పారు అన్నారు. ఈ రెండు మాటల మధ్య చచ్చిపోయినవాళ్లకు జవాబు చెప్పే మనిషి లేకుండా పోయాడు.

ఆయన ముఖం నల్లబడింది. “మనుషుల్ని చంపినోళ్లతో నన్ను జతకడుతున్నావా నువ్వు?”

“లేదు. వాళ్లెక్కడ, మీరెక్కడ? మీరు ఊరంతటినీ బతికించారు, అది కూడా నిజమే. కానీ రేపు మీరు అనబోయే మాట మాత్రం వాళ్లదే.”

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. పెరట్లోకి వెళ్లాడు. కాసేపటికి తడిబట్టలు నేల మీద పడిన చప్పుడు వినబడింది. నేను వెళ్లి బట్టలు ఏరుకుని మళ్లీ ఉతికాను.

విచారణ రోజు పొద్దున చొక్కా వేసుకుంటూ “నువ్వూ రా” అన్నాడు. ఏం చెబుతాడో నాకు చెప్పలేదు. జీపు కిన్నెరసాని వంతెన దాటేటప్పుడు ఆయన తన బూటు లేసులు విప్పుకుంటున్నాడు.

మండలాఫీసు హాల్లో ఊరివాళ్లు నేల మీద కూర్చున్నారు. జిల్లా అధికారి బల్ల వెనక, మా ఆయన పక్కన కుర్చీలో, ఆ అమ్మాయి గోడ దగ్గర నిలబడి. నేను వెనక బెంచీ మీద. పశువులను వదిలేసి రావచ్చు కదా అని అధికారి ఊరివాళ్లను అడిగాడు.

“మా ఊర్లె పశువును ఇడిసిపెట్టుడంటే పక్కోని చేను మీదికి తోలుడే సార్” అన్నాడు ఒక పెద్దాయన. “నీళ్లు ఎనక నుంచి వస్తయని మాకెవలు చెప్పిండ్రు? ఎప్పటి లెక్కనే అనుకున్నం.”

ఒక ముసలమ్మ లేచింది. మా ఆయన గోళ్లు విరిగింది ఆమె ఆవు దగ్గరే. ఆమె నష్టపరిహారం మాట ఎత్తలేదు.

“నాది నల్లావు. మోకాళ్ల నొప్పికి నన్ను ముందుగాల బండెక్కిచ్చిండ్రు. నేను దాన్ని సూసుకోకుంటనే పోయిన. ఆఖరుకు దాని దగ్గరికి ఎవలన్న పోయిండ్రా? ఒక్క మనిషన్న దాన్ని ముట్టిండ్రా? గది చెప్పుండ్రి నాకు, చాలు.”

అధికారి ఆ ప్రశ్న కాగితం మీద రాసుకుని ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

“పశువుల విషయం పై అధికారిని అడిగినవా నువ్వు?”

ఆమె మా ఆయన వైపు చూడలేదు. “లేదు సార్” అంది.

ఆ ఒక్క మాటతో మా ఆయన బయటపడిపోయాడు. కదలకుండా కూర్చుంటే చాలు. ఆయన వీపే కనబడుతోంది నాకు. ఆ వీపు కదలదేమోనని ఎంత భయపడ్డానో, కదిలాక ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

“అడిగింది సార్” అన్నాడు ఆయన లేచి. “నాకు ఫోన్ చేసింది. పశువుల గురించి అడిగింది. నువ్వే చూసుకో, నన్నడగకు అని పెట్టేశాను. నీళ్లు వెనక నుంచి వస్తాయని నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. అడగకుండా బస్తాలు మార్చినందుకు పదిమందిలో తిట్టింది కూడా నేనే. ఏళ్ల పాటు అడగమని నేర్పి, ఆ పూట అడగొద్దన్నాను. తాళ్లు విప్పమని నేను చెప్పలేదు. చెప్పాల్సింది నేను.”

అధికారి ఇంకేవో అడిగాడు, ఈయన అన్నిటికీ అవునన్నాడు. ఆ అమ్మాయి ఉద్యోగానికి ఢోకా లేదని, ఈయనకు మాత్రం రిటైరయ్యే ఏట మచ్చ తప్పదని హాల్లో అందరికీ అర్థమైంది. నాకు గర్వంగా అనిపించింది. ఇక మా ఇంట్లో ముడులు నిలుస్తాయనుకున్నాను.

బయట వరండాలోకి వచ్చాం. ఆ అమ్మాయి వెనకాలే వచ్చింది. దండం పెడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె కళ్లు కోపంతో ఎర్రగా ఉన్నాయి.

“ఎందుకు చెప్పిండ్రు సార్?”

“నిజం కదమ్మా.”

“మిమ్మల్ని కాపాడనీకి లేదన్ననా నేను? అడగలేదంటే, పశువుల సంగతి యాది మరిసిందనుకుంటరు. మరిసినోళ్లను తిడతరు, నౌకరి తీస్తరు, అంతే. గది నేను మోస్త. ఇప్పుడు అందరికీ ఎరుకైంది, నాకు యాదికుందని.” ఆమె గొంతు తగ్గింది. “పశువులోళ్ల బిడ్డను సార్ నేను. వాగుల నీళ్లు ఎదురెక్కుతుంటే నాకు కనబడ్డది. కొట్టంల నిలబడే మీకు ఫోన్ చేసిన. నల్లావు పక్కపొంటి. తాడు నా చేతిల ఉండె. ఒక్క గుంజు గుంజితే ముడి ఊడేది. మీరు ఫోన్ పెట్టేసినంక గూడ తాడు నా చేతిలనే ఉండె. మళ్ల తిడతరేమో అని ఇడిసిపెట్టి బండెక్కిన.”

జనం మాతోపాటే వరండాలోకి వచ్చారన్న సంగతి మేం ముగ్గురం గమనించలేదు. ముసలమ్మ మా పక్కనే, స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. మొత్తం విన్నది.

ఆమె కుంటుకుంటూ వచ్చి ఆ అమ్మాయి కుడిచేయి పట్టుకుంది. వెనక్కి తిప్పి, అరచేతిని తన ముఖం దగ్గరికి తెచ్చుకుని, చాలాసేపు చూసింది.

“ఈ చెయ్యేనా బిడ్డా?” అని అడిగింది.

“అవ్” అంది ఆ అమ్మాయి.

ముసలమ్మ తిట్టలేదు. ఓదార్చనూ లేదు. ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆవును ఆఖరున ముట్టిన చేయి అది. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు, బస్సు వచ్చి పోయింది, ఆమె మాత్రం వదల్లేదు. ఆ అమ్మాయి విడిపించుకోలేదు. మా ఆయన లేసులు వేలాడుతున్న బూట్లతో ఆ చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ ముడి దగ్గరికి మాత్రం ఆయన పోలేదు.